రిపోర్టులో మాయ గ్రేడ్ త్రీ అని ఉందా? ముందు వారాలు చూడండి

హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎనిమిదేండ్లు రిపోర్టులు టైపు చేశాను. డాక్టరమ్మ పొట్ట మీద ప్రోబ్ కదుపుతూ చెప్పుకుంటూ పోతారు, నేను కొట్టుకుంటూ పోతాను, కాసేపట్లో కాగితం బయటికి వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మెట్ల దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువగా వేలు పెట్టి చూపించేది ఒకే లైను, కడుపులో బిడ్డకు ఆహారం పంపే మాయ లైను, ఇంగ్లీషులో ప్లాసెంటా. ఒకసారి పరకాల నుంచి మనవరాలిని తీసుకొచ్చిన ఒక పెద్దాయన కండ్లద్దాలు సర్దుకుని, "బిడ్డా, మాయ గ్రేడు పదకొండు అని ఉన్నది, ఇది ఎన్నిటికి?" అని అడిగాడు. నవ్వు ఆపుకోవడానికి ప్రింటర్ వైపు తిరగాల్సి వచ్చింది. అందుకే ఇదే ముందు చెప్తున్నా, గ్రేడ్ పక్కన ఉండేవి రోమన్ అంకెలు, రెండు నిలువు గీతలు ఉంటే రెండు, మూడు ఉంటే మూడు. సున్నా నుంచి మూడు దాకానే ఉంటుంది, అంతకు మించి లేదు. అది మార్కు కూడా కాదు, ఎక్కువ వస్తే మంచిదని గానీ తక్కువ వస్తే ఫెయిలని గానీ కాదు.

నేను డాక్టర్ని కాదు. కానీ వేల రిపోర్టులు టైపు చేసి, వాటి కోసం ఏడ్చినవాళ్లను చూసి, తర్వాత మా ఇంట్లోనే ఆ లొల్లి పడి నేర్చుకున్నది ఒకటుంది: మాయ గ్రేడ్ ఒక్కదాన్నే చదివితే ఏమీ అర్థం కాదు, చుట్టూ ఉన్న నాలుగైదు లైన్లతో కలిపి చదివితేనే అది మాట్లాడుతుంది. ఎట్ల చదవాలో చెప్తాను, రిపోర్టు చేతిలో ఉంటే పక్కన పెట్టుకోండి.

మొదట గ్రేడ్ జోలికి పోకుండా వారాలు చూడండి. పేరు, వయసు కింద ఎల్ఎంపీ అని ఉంటుంది, అంటే చివరిసారి నెలసరి మొదలైన తేదీ. దాని పక్కన ఆ తేదీ ప్రకారం ఎన్ని వారాలు, స్కానింగ్ కొలతల ప్రకారం ఎన్ని వారాలు అని రెండు లెక్కలు ఉంటాయి. చాలామంది రెండోదాన్ని చూసి, "ముప్పై నాలుగే, అప్పుడే మాయ ముదిరిందా" అని బెంబేలు పడతారు. ఆగండి. మూడో నెలలో తీసిన మొదటి స్కాన్‌లో బిడ్డ వయసు దాదాపు కచ్చితంగా తెలుస్తుంది, కాన్పు తేదీ దాంతోనే ఖాయం అవుతుంది, తర్వాత మార్చరు. అదే ఎనిమిదో నెలలో తల, పొట్ట, తొడ ఎముక కొలిచి చెప్పే వారాల్లో మూడు వారాల దాకా అటూ ఇటూ తేడా రావచ్చు, ఎందుకంటే అప్పటికి ఒక్కో బిడ్డ ఒక్కో తీరుగా పెరుగుతుంది. కాబట్టి కాగితం మీద ముప్పై నాలుగు అని ఉన్నా నిజానికి ముప్పై ఆరు దాటి ఉండొచ్చు. లేదా నిజంగానే ముప్పై ఆరు దాటిన బిడ్డ చిన్నగా ఉండి ముప్పై నాలుగులా కనిపిస్తుండొచ్చు, ఇది వేరే సంగతి, దీన్ని వదిలేయకూడదు. ఈ రెండింట్లో ఏది అని తేల్చేది ఆ మొదటి స్కాన్ కాగితమే, దాన్ని ఫైల్‌లో అన్నిటికంటే పైన పెట్టుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లను చివరి నెలసరి తేదీ అడిగితే "మేడారం పోయొచ్చినంక వారానికి" అని చెప్పినవాళ్లు ఎందరో. జాతర తేదీ క్యాలెండర్‌లో దొరుకుతుంది, ఆ వారం మాత్రం దొరకదు.

ఇప్పుడు మాయ సంగతి. మాయ అంటే గర్భసంచి గోడకు అతుక్కుని, బొడ్డుతాడు గుండా బిడ్డకు ఆక్సిజన్, ఆహారం పంపి, చెత్తను వెనక్కి తెచ్చే అవయవం. నెలలు నిండేసరికి సుమారు అర కిలో బరువు, జానెడు వెడల్పు, రెండు రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంటుంది. లోపల ఉన్నప్పుడు రక్తంతో ఉబ్బి ఉంటుంది కాబట్టి స్కాన్‌లో ఇంకొంచెం మందంగా కనిపిస్తుంది, మోటు లెక్కకు ఎన్ని వారాలో అన్ని మిల్లీమీటర్లు అనుకోవచ్చు. తొమ్మిది నెలలు పని చేసి బిడ్డ పుట్టగానే వెళ్లిపోయే అవయవం ఇది, అంత తక్కువ ఆయుష్షులోనే దానికి బాల్యం, వయసు, ముసలితనం అన్నీ వస్తాయి. గ్రేడ్ చెప్పేది ఆ వయసు ముడతల గురించే.

తాటి ముంజ తిన్నారు కదా, లేత ముంజ లోపల ఎట్లుంటుంది? నున్నగా, ఒకే తీరుగా, గీత లేకుండా. గ్రేడ్ జీరో మాయ అలాంటిది, స్కాన్‌లో ఒకే రకం బూడిద రంగు, పైన బిడ్డ వైపు అంచు సాఫీగా ఉంటుంది. మొదటి ఆరేడు నెలల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. గ్రేడ్ వన్‌లో ఆ అంచు కొంచెం అలలు తిరుగుతుంది, లోపల అక్కడక్కడ చిన్న తెల్ల చుక్కలు వస్తాయి. ఇది ఐదో నెల నుంచే మొదలుకావచ్చు, కొందరికి కాన్పు దాకా ఇక్కడే ఉండిపోవచ్చు, తప్పేమీ లేదు. గ్రేడ్ టూలో పై అంచు నుంచి లోపలికి కామా గుర్తులా తెల్ల గీతలు దిగుతాయి, కానీ అడుగు దాకా పోవు, అడుగున గర్భసంచి వైపు కూడా తెల్లగా మెరుపు వస్తుంది. ముప్పై వారాల నుంచి మామూలుగా కనిపించేది ఇదే. గ్రేడ్ త్రీలో ఆ గీతలు పై నుంచి అడుగు దాకా దిగిపోయి మాయను అరలు అరలుగా విడదీస్తాయి, ఒక్కో అర చుట్టూ తెల్లటి గుండ్రం గీత కనబడుతుంది. స్క్రీన్ మీద చూస్తే నాకు ఎప్పుడూ సీతాఫలమే గుర్తొచ్చేది, కండ్లు విచ్చుకున్న సీతాఫలం. ముప్పై ఎనిమిది వారాలు దాటాక ఇది వస్తే వింత ఏమీ కాదు, రాకపోయినా వింత కాదు. నిజానికి నెలలు నిండినా గ్రేడ్ త్రీకి చేరని మాయలే ఎక్కువ.

ఆ తెల్ల చుక్కలు కాల్షియం లవణాలు. వయసుతో పాటు మాయలో సన్నగా పేరుకుంటాయి.

ఇక్కడే మనవాళ్లు పప్పులో కాలేస్తారు. సీతాఫలం కండ్లు విచ్చుకుంటే కోయాలి, లేకుంటే చెట్టు మీదే పక్షులు తినిపోతాయి. మాయ విషయంలో కూడా "గ్రేడ్ త్రీ వచ్చింది, ఇంక కోసేయాలి" అనుకుంటారు. ఈ గ్రేడ్‌లకు పుట్టుక వేరే. 1979లో గ్రానమ్ అనే అమెరికా డాక్టరు, మరో ఇద్దరు కలిసి వీటిని పెట్టారు. అప్పట్లో నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వస్తే బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యాయో లేదో తెలుసుకోవడానికి పొట్టలోకి సూది దింపి ఉమ్మనీరు తీసి పరీక్షించేవాళ్లు. సూది లేకుండా మాయ రూపం చూసి ఆ సంగతి చెప్పొచ్చా అని వాళ్ల ప్రయత్నం. మొదట బాగానే పనిచేసినట్టు కనిపించింది, తర్వాత వేరేవాళ్లు చూస్తే గ్రేడ్ త్రీ ఉన్నా ఊపిరితిత్తులు సిద్ధం కాని బిడ్డలు తేలారు. దాంతో ఆ పనికి దాన్ని నమ్మడం మానేశారు. పైగా అదే మాయను ఒక డాక్టరు టూ అంటే ఇంకొకరు త్రీ అనొచ్చు, మెషిన్‌లో వెలుగు పెంచితే చుక్కలు పెరిగినట్టు కనిపిస్తాయి. చాలామంది డాక్టర్లు ఇప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోరు, అయినా రిపోర్టు ఫార్మాట్‌లో ఆ లైను ఉంది కాబట్టి నింపుతారు. మా కంప్యూటర్‌లో ఆ ఖాళీ వదిలేస్తే ప్రింటే వచ్చేది కాదు, అదీ సంగతి.

ఇంకో తికమక కూడా చెప్పాలి, దీనివల్ల ఒకాయన ఏకంగా రక్తం ఇచ్చేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. మాయ ముదరడానికి గ్రేడ్‌లు ఉన్నట్టే, మాయ కిందికి దిగి గర్భసంచి ద్వారాన్ని అడ్డుకోవడానికి కూడా పాత లెక్కలో ఒకటి నుంచి నాలుగు గ్రేడ్‌లు ఉండేవి. రెండూ వేర్వేరు. ప్రీవియా అనే మాట లేదా కిందికి ఉందనే మాట రిపోర్టులో ఉంటే అది స్థానం సంగతి, రక్తస్రావం భయం ఉండేది అక్కడే. ఇప్పుడు ఆ గ్రేడ్‌లు కాకుండా ద్వారానికి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో రాస్తారు, ఇరవై లోపు ఉంటే కిందికి ఉన్నట్టు, ద్వారాన్ని కప్పేస్తే ప్రీవియా. ఐదో నెలలో కిందికి ఉన్న మాయ చాలామందికి ఎనిమిదో నెలకల్లా పైకి పోతుంది, అప్పుడు మళ్లీ చూస్తారు. ముందు గోడకు ఉంది, వెనక గోడకు ఉంది, పైన ఉంది అని రాసేవి చిరునామా మాత్రమే, వాటిని బట్టి ఆడపిల్లో మగపిల్లాడో లెక్కలు వేసే అమ్మలక్కలకు ఓ దండం.

మరి గ్రేడ్ త్రీని ఎప్పుడు పట్టించుకోవాలి? ముప్పై ఆరు వారాల కంటే ముందు వస్తే ఒకసారి ఆగి చూడాలి, ముప్పై రెండు కంటే ముందు వస్తే ఇంకా గట్టిగా చూడాలి. అప్పుడు కూడా భయపడాల్సింది మాయ ముఖం చూసి కాదు, దాని పని చూసి. ముసలాయన జుట్టు నెరిసినా పొలం పని చేస్తుంటే ఏం ఇబ్బంది? తల్లికి బీపీ ఉన్నప్పుడు, బిడ్డ ఎదుగుదల తగ్గినప్పుడు మాయ తొందరగా ముదిరినట్టు కనిపించే అవకాశం ఎక్కువ, పొగ తాగే ఆడవాళ్లలో కూడా ఇది గమనించారు. మన దగ్గర ఆడవాళ్లు తాగేది తక్కువే, కానీ గదిలో పక్కన కూర్చుని మామ బీడీ, మొగుడు సిగరెట్ ఊదితే బిడ్డ బరువుకు అదీ మంచిది కాదు, వాళ్లను బయటికి పంపండి. షుగర్ ఉన్న తల్లుల్లో దీనికి ఉల్టా, మాయ ఆలస్యంగా ముదరొచ్చు, ముప్పై ఎనిమిది వారాలకు గ్రేడ్ వన్ అని ఉంటే "ఇంకా పచ్చిగా ఉంది" అని కాన్పు వాయిదా వేయాల్సిన పని లేదు.

పని ఎట్ల తెలుస్తుంది అంటే, అవే ఆ మిగతా లైన్లు. బిడ్డ బరువు అంచనా చూడండి, కానీ ఆ అంకెను తూకంలా నమ్మకండి, పది పదిహేను శాతం తేడా మామూలే, రెండున్నర కిలోలు అని ఉంటే పావు కిలో పైచిలుకు అటూ ఇటూ. అంతకంటే ముఖ్యం పొట్ట చుట్టుకొలత, ఏసీ అని రాస్తారు. తిండి సరిగా అందకపోతే బిడ్డ కాలేయంలో నిల్వలు తగ్గి ముందు పొట్టే సన్నబడుతుంది, తల మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే తల కొలతకు పొట్ట కొలతకు మధ్య వారాల తేడా బాగా కనిపిస్తే డాక్టరును అడగండి. ఎదుగుదల తెలియాలంటే ఒక్క స్కాన్ చాలదు, రెండు మూడు వారాల ఎడంతో ఇంకొకటి ఉండాలి. టెన్షన్‌తో నాలుగు రోజులకే వేరే సెంటర్‌లో మళ్లీ తీయిస్తే వచ్చేది ఎదుగుదల కాదు, మెషిన్‌కు మెషిన్‌కు ఉన్న తేడా.

ఉమ్మనీరు లైనులో ఏఎఫ్‌ఐ అని సెంటీమీటర్లలో ఉంటుంది. ఐదు కంటే తక్కువైతే తగ్గినట్టు, ఇరవై ఐదు దాటితే ఎక్కువైనట్టు. కొందరు ఒకే ఒక్క లోతైన గుంట కొలిచి రాస్తారు, అది రెండు సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. మాయ సరిగా పని చేయనప్పుడు బిడ్డ శరీరం రక్తాన్ని మెదడు వైపు మళ్లించుకుంటుంది, కిడ్నీలకు తగ్గుతుంది, మూత్రం తగ్గుతుంది, ఉమ్మనీరులో ఎక్కువ భాగం ఆ మూత్రమే కాబట్టి నీరు తగ్గుతుంది. అంటే గ్రేడ్ కంటే ఈ అంకె మాయ గురించి ఎక్కువ చెప్తుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది డాప్లర్. బొడ్డుతాడులో రక్తం ఎట్ల పారుతుందో చూసే స్కాన్ అది. పొలంలో మోటరు బంద్ చేసినా పైపు చివర నీళ్లు కాసేపు ముందుకే వస్తాయి కదా, అట్లాగే బిడ్డ గుండె కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య ఆగిన క్షణంలో కూడా బొడ్డుతాడులో రక్తం మాయ వైపు పారుతూనే ఉండాలి. మాయ లోపల దారులు మూసుకుపోతే అవతల ఒత్తిడి పెరిగి ఆ పారకం తగ్గుతుంది, ఇంకా ముదిరితే ఆ క్షణంలో ఆగిపోతుంది, మరీ ముదిరితే వెనక్కి తన్నుతుంది. ఆగిపోయిందని గానీ వెనక్కి వస్తోందని గానీ రిపోర్టులో ఉంటే ఇంటికి పోకుండా నేరుగా డాక్టరు దగ్గరికే పోవాలి. డాప్లర్ మామూలుగా ఉంది, నీరు సరిపడా ఉంది, బిడ్డ పెరుగుతోంది, బీపీ బాగుంది, గ్రేడ్ మాత్రం త్రీ అని ఉంది అంటే మామూలు చెకప్‌లు తప్పకుండా, డాక్టరు చెప్పిన తేదీకి పోతే చాలు. మాయను మళ్లీ లేతగా చేసే మందు ఎక్కడా లేదు, ఎవరైనా పసరు అమ్మితే కొనకండి.

మా ఆడబిడ్డ సంగతి చెప్తా. నర్సంపేట దగ్గర ఇచ్చాం, మొదటి కాన్పుకు బతుకమ్మ ముందు తల్లిగారింటికి, అంటే మా ఇంటికి వచ్చింది. ముప్పై నాలుగు వారాలకు అక్కడ తీయించుకున్న స్కాన్‌లో గ్రేడ్ టూ నుంచి త్రీ అని ఉంది. అక్కడ ఎవరో "మాయలో కాల్షియం పేరుకుంది" అని తెలుగులో చెప్పారు, మాట నిజమే, కానీ మా అత్తమ్మ దాన్ని వేరే తీరుగా అర్థం చేసుకుంది. వారం తర్వాత నేను మందుల డబ్బా చూస్తే ఐరన్ గోళీలు ఉన్నాయి, కాల్షియం గోళీలు లేవు. అడిగితే పిల్ల నేల చూపులు చూసింది. "వదినా, అమ్మ దాచింది. గవి మింగితేనే మాయ గట్టిపడ్డదంట" అంది. బియ్యం డబ్బాలో అడుగున, తవ్వ కింద దొరికాయి, పట్టీలు పట్టీలే.

చెప్తున్నా వినండి, మింగే కాల్షియం గోళీలకూ మాయలో తెల్ల చుక్కలకూ సంబంధం లేదు. గోళీలు ఆపితే చుక్కలు పోవు, తల్లి ఎముకల నుంచి బిడ్డ లాగేసుకుంటుంది, అంతే. పైగా పాలూ పెరుగూ తక్కువ తినే మన ఆడవాళ్లలో కాల్షియం గోళీలు కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు ముప్పును తగ్గిస్తాయి, ఆ బీపీయే మాయను నిజంగా పాడు చేసేది. సర్కారు దవాఖానల్లో ఇచ్చేవి 500 మిల్లీగ్రాములవి, నాలుగో నెల నుంచి రోజుకు రెండు, కాన్పయ్యాక ఇంకో ఆరు నెలలు. అన్నం తిన్నాక వేసుకోవాలి, ఐరన్ గోళీతో కలిపి వేసుకోకూడదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి, కలిపి వేస్తే ఐరన్ ఒంటికి పట్టదు. మా అత్తమ్మకు ఇదంతా నేను చెప్తే వినలేదు, డాక్టరమ్మతో చెప్పిస్తే విన్నది.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "మాయ ముదిరిందట, ఏమన్న అయితదా" అని అడిగితే "ఏం కాదు" అనే జవాబే వస్తుంది, బయట ఇంకో యాభై మంది ఉంటారు మరి. దానికి బదులు ఇట్ల అడగండి: మొదటి స్కాన్ ప్రకారం ఇప్పుడు ఎన్ని వారాలు, పోయిన స్కాన్ నుంచి బిడ్డ పెరగాల్సినంత పెరిగిందా, నీరు ఎంత ఉంది, డాప్లర్ అవసరమా, మళ్లీ ఎప్పుడు రావాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కష్టం. గ్రేడ్ ఒక్కటే చూపించి ముప్పై ఆరు వారాలకే ఆపరేషన్ అంటే, వేరే కారణం ఏముందో అడగండి, అవసరమైతే ఇంకో డాక్టరుకు ఫైల్ చూపించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, దాంట్లో డాక్టర్లతో పాటు ముహూర్తం పెట్టించుకుని వచ్చే మన పాత్రా ఉంది. కారణం లేకుండా ముప్పై తొమ్మిది వారాలకు ముందు కోసి తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ, మంచి నక్షత్రంలో పుట్టి రెండు రోజులు గాజు పెట్టెలో పడుకున్న పిల్లల్ని చూశాను. అట్లాగని కారణం ఉన్నప్పుడు డాక్టరు ముందే తీయాలంటే మొండికేయకండి.

స్కాన్‌లకు మధ్య మాయ ఎట్ల పని చేస్తోందో చెప్పేది బిడ్డే. ఏడో నెల దాటాక రోజూ ఒకే వేళకు, తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టండి, రెండు గంటల్లో పది రావాలి, మామూలుగా అంతకంటే చాలా ముందే వస్తాయి. ఫోన్ చూస్తూ లెక్కపెడితే తప్పుతాయి. రోజూ ఉండే దానికంటే తగ్గినట్టు మీకు అనిపిస్తే, తెల్లారాక చూద్దాం అనుకోకండి, అర్ధరాత్రయినా పోవాలి, వరంగల్ సీకేఎం దవాఖాన, హనుమకొండ ప్రసూతి దవాఖాన ఉన్నవి అందుకే. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తగ్గని తలనొప్పి, కండ్ల ముందు మసక, ముఖం చేతులు వాపు, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, బీపీ 140/90 కి చేరినా అంతే. బండి లేకపోతే 108 కు కొట్టండి.

మా ఆడబిడ్డకు రెండు వారాల తర్వాత మళ్లీ చూశారు, బిడ్డ పెరిగింది, నీరు పదకొండు, ఈసారి నిజంగానే పదకొండు, డాప్లర్ బాగుంది. ముప్పై తొమ్మిది వారాల రెండు రోజులకు నొప్పులు వచ్చాయి, మామూలు కాన్పు, రెండు కిలోల ఏడు వందల ఆడపిల్ల. తోడుగా లోపలికి అత్తమ్మ వెళ్లింది. నర్సు మాయను ట్రేలో తిరగేసి అన్ని ముక్కలూ వచ్చాయా అని చూస్తుంటే పక్కనే నిలబడి చూసిందట. బయటికి వచ్చి మనవరాలి ముచ్చట కంటే ముందు నాతో అన్న మాట, "ఓ పక్కన ఇసుక చల్లినట్టున్నది, గంతే. గీ దానికానే నేను గోళీలు బియ్యంల పెట్టింది?"